సింహం కాలి కింద అట్టముక్క

మా తోడల్లుడు మంచివాడు. ఈ మాట నేను అనడం లేదు, లోకమంతా అంటోంది. మా ఆవిడ అంటుంది. ఆమె చెల్లెలు, అంటే మా మరదలు, కట్టుకున్నందుకు ఎలాగూ అంటుంది. మా అత్తగారికైతే రోజుకొక్కసారైనా ఆ మాట అనకపోతే తిన్నది అరగదు. ఆఖరికి నా షాపులో కూర్చుని, నా దగ్గర జీతం తీసుకుంటూ, నా సామానుకు మెరుగు పెట్టే పాలిష్ తాత కూడా అంటాడు. మనిషన్నాక గిట్టనివాళ్ళు ఒక్కరైనా ఉండాలా, వద్దా? అతనికి ఆ ఒక్కడినీ నేనే.

నేను అతనికి పెట్టిన పేరు మునిగారు. మనం గంటసేపు వాగితే అతను తల ఒకసారి ఊపుతాడు. ఆ ఊపు అవునో కాదో మనమే తేల్చుకోవాలి. నాకు మాట్లాడకపోతే ఊపిరాడదు. మా ఇద్దరికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది?

ఇద్దరిదీ వడ్రంగమే. ఇద్దరికీ గురువు మా మావగారే. పని నేర్పి, పిల్లనిచ్చి, పోయేముందు తను ఎన్నో ఏళ్ళు ఆరబెట్టి దాచుకున్న టేకు దూలాన్ని నిలువునా కోయించి చెరిసగం ఇచ్చారు. నేను ఆ ఏడాదే నా సగంతో ఒక బల్ల చేశాను. నాలుగు కాళ్ళూ సింహం పంజాలు. గోళ్ళు, వేళ్ళ మధ్య మడతలు, మడతల్లో వెంట్రుకలు కూడా కనిపిస్తాయి. పైన అంచు చుట్టూ తీగ, తీగకి మొగ్గలు. ఆ బల్ల చూడటానికి పక్క వీధుల వాళ్ళు కూడా వచ్చారు. మునిగారు వచ్చి చూశాడు, తల ఊపాడు, వెళ్ళాడు. తన సగాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు దాచుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. పిసినారితనం అనుకున్నాను.

మావగారి షాపు నాకొచ్చింది. రోడ్డు మీద ఉంది, ముందు అద్దాలు పెట్టించాను. అతను తన ఇంటి వెనక రేకుల షెడ్డులో పనిచేసుకుంటాడు. బోర్డు కూడా లేదు. అతను చేసిన కుర్చీలో చూడటానికేమీ ఉండదు. పువ్వుండదు, తీగుండదు, ఇత్తడి బిళ్ళ ఉండదు. ఆ ఏమీ లేని కుర్చీ కోసం జనం నెలల తరబడి ఎదురుచూస్తారు. నా అద్దాల ముందు నుంచే నడుచుకుంటూ అతని షెడ్డుకి పోతారు. కడుపు మండదూ?

ఇంతలో మా అత్తగారికి చేతులు వణకడం మొదలైంది.

ఆవిడ మా ఇంట్లోనే ఉంటుంది, వెనకవైపు గదిలో. అది ఒకప్పుడు బట్టలుతికే చోటు. ఉదయం ఎండ బాగా పడుతుందని ఆవిడే కోరి తీసుకుంది. కిటికీ పక్కన నా సింహం కాళ్ళ బల్ల వేయించాను. అత్తగారి గదిలో అల్లుడి పనితనం ఉండాలి కదా! అయితే ఆ గదిలో పెట్టిన దగ్గర్నుంచీ బల్ల ఒక కాలు మీద ఊగేది. నేల వంకర, నేనేం చెయ్యను? ఒక పంజా కింద అట్టముక్క మడిచి పెట్టాను. పాలిష్ తాత ఒకసారి ఇంటికి వచ్చి అది చూసి, "అయ్యో, సింహానికి కాలు బెణికిందా బాబూ?" అన్నాడు. ముసలాడు కాబట్టి ఊరుకున్నాను.

చేతుల వణుకు పెరిగాక ఆవిడకి టీ తాగడం కష్టమైపోయింది. గ్లాసు ఎత్తితే సగం ఒళ్ళో పడేది. మోచేతులు బల్లకి ఆనించి తాగమన్నాడు డాక్టరు. నా బల్ల ఎత్తు, దానికి తోడు ఆ అంచు మొగ్గలు మోచేతులకి గుచ్చుకునేవి, పైగా అట్టముక్క జారినప్పుడల్లా బల్ల కూడా ఊగేది. మా ఆవిడ చెంచాతో పట్టబోతే అత్తగారు పెదాలు బిగించేసుకునేది. భర్త పోయినప్పుడు కూడా ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టని మనిషి. "నోట్లో చెంచా పెట్టించుకునే రోజు వస్తే ఇక టీ మానేస్తాను" అంది. అన్నట్టే మానేసింది కూడా.

ఆ వారమే మునిగారు వచ్చాడు. అత్తగారి గదిలోకి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు. తొంగి చూస్తే నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకి ఆనించి మూలకేసి చూస్తున్నాడు. 

"ఏమయ్యా, నడుం పట్టేసిందా?" అన్నాను.

తల ఊపాడు. తర్వాత అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ మోచేతుల కింద ఒక పలక పట్టుకుని పైకీ కిందకీ జరుపుతూ, "ఇక్కడా అత్తయ్యా? ఇంకొంచెం కిందకా?" అని అడుగుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. బట్టల కొలతలు తీసుకునేవాడు కూడా అంత గోల చెయ్యడు.

కొన్నాళ్ళకి ఒక చిన్న బల్ల చంకలో పెట్టుకుని తెచ్చాడు. తన సగం దూలాన్ని ఎట్టకేలకు కోశాడట.

ఆ బల్ల గురించి చెప్పాలంటే నా నోటికి ఎంత కష్టమో మీకు తెలీదు. అయినా చెబుతాను. నాలుగు కాళ్ళు, పైన ఒక పలక, ఒక సొరుగు. అంతే. కాళ్ళు కిందికి వచ్చేకొద్దీ సన్నబడతాయి, కానీ ఎక్కడ సన్నబడటం మొదలైందో వేలుపెట్టి చూపించలేం. ముందు అంచు లోపలికి కొద్దిగా ఒంపు తిరిగి ఉంది. నిలబడి చూస్తే ఆ ఒంపు కనిపించదు, కూర్చుంటే పొట్టకి ఆనుకుని బల్ల మనల్ని దగ్గరికి తీసుకున్నట్టు ఉంటుంది. మోచేతులు ఆనే చోట అంచుని గుండ్రంగా తీశాడు. సొరుక్కి పిడి లేదు. చెక్కలోని చార ఆ కాలి నుంచి ఈ కాలి వరకు తెగకుండా పోతుంటే అసలక్కడ సొరుగుందని తెలియడమే కష్టం. కింద వేలు పెడితే వస్తుంది, తోస్తే చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. 

అత్తగారు కూర్చుంది. మోచేతులు ఆనించింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఎత్తింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, కానీ వణుకు మోచేతుల దగ్గర ఆగిపోయింది. బల్ల కదల్లేదు. ఆవిడ గుక్కగుక్కగా టీ అంతా తాగేసి ఖాళీ గ్లాసు కింద పెట్టి మా అందరి వంకా చూసింది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా మరదలు మొగుడి భుజం మీద చెయ్యేసింది. అతను బల్ల కాలి దగ్గర కూర్చుని ఉన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

నాకూ సంతోషంగానే ఉంది. కానీ ఆ సంతోషం గొంతు దాటి కిందికి దిగలేదు.

ఆ తర్వాత మొదలైంది నా కర్మ. పక్కింటి టీచరమ్మ సాయంత్రం పూట అత్తగారి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. వచ్చిన ప్రతిసారీ ఆ చిన్న బల్లని నిమిరి, "ఎంత బాగుందండీ! ఒక్క గీత ఎక్కువ లేదు, ఒక్క గీత తక్కువ లేదు" అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ చేతిసంచీ నా సింహం కాళ్ళ బల్ల మీద పెడుతుంది. నా తీగల మీద! నా మొగ్గల మీద! పెట్టడానికి చోటుంది కాబట్టి పెట్టాను అన్నట్టు.

"చిన్నల్లుడి చెయ్యి మంచిదమ్మా" అనేది అత్తగారు. నేను గుమ్మంలో ఉన్నానని గుర్తొస్తే, "పెద్దల్లుడుగారిది కూడా" అని కలిపేది. ఆ "కూడా" అన్న మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు గదిలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఆ బల్లని తిరగేశాను. మా పనివాళ్ళమందరం అంతే, పైన మెచ్చుకుంటాం, అడుగున వెతుకుతాం. ఎవరూ చూడని చోట గరుకుగా వదిలేసి ఉంటాడు, మేకు కొట్టి ఉంటాడు, జిగురు కారి ఉంటుంది అని వెతికాను. అడుగు కూడా పైలాగే నున్నగా ఉంది. సొరుగు వెనక్కి చెయ్యిపెట్టి తడిమాను. అక్కడా అంతే. ఒక్క మేకు లేదు. చెక్కలో చెక్క దిగి కూర్చుంది. వేళ్ళతో తడుముతూ నాలోనేను, "అబ్బ, ఎలా చేశావురా" అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఒకటి మాత్రం దొరికింది. ఒక కాలికి, నేలకి తగిలే చివర్న, లోపలివైపు గోరుతో నొక్కినంత చిన్న గాటు ఉంది. మిగతా మూడింటికీ లేదు. ఉలి జారి ఉంటుంది అనుకున్నాను. పెద్దగా పనికొచ్చే తప్పు కాదు కానీ, దాచిపెట్టుకున్నాను మనసులో.

నాకు కావాల్సింది ఒక వంక. అదీ దొరికింది. వేడి గ్లాసు పెట్టీ పెట్టీ పలక మీద తెల్లటి గుండ్రటి మరక పడింది. "షాపుకి తీసుకెళ్ళి మెరుగు పెట్టించి తెస్తాను అత్తయ్యా, సాయంత్రానికల్లా ఇక్కడ ఉంటుంది" అన్నాను. ఆవిడకి ఇష్టం లేదు. బల్ల అంచు పట్టుకుని వదల్లేదు కాసేపు.

"జాగ్రత్త అల్లుడుగారూ" అంది. బల్లని కాదు, పసిబిడ్డని ఇస్తున్నట్టు.

మా షాపులో నల్లరాతి బండ ఒకటి ఉంది. మావగారి కాలం నాటిది, అద్దంలా చదునుగా ఉంటుంది. ఏ సామాను తయారైనా దాని మీద పెట్టి చూడాల్సిందే. ఊగిందా, పని బాగాలేదని అర్థం. మావగారు పెద్ద పెద్ద పనివాళ్ళని ఆ బండ ముందు నిలబెట్టి కడిగేసేవారు. మరక పోగొట్టడం తర్వాత, ముందు ఈ బండ మీద పెడదాం అనుకున్నాను.

పెట్టాను. వేలితో నొక్కాను. టక్.

నా చెవుల్ని నేనే నమ్మలేదు. ఇంకో మూల నొక్కాను. టక్. ఊగుతోంది! మునిగారి బల్ల, టీచరమ్మ చెవులు కోసుకునే బల్ల, మావగారి బండ మీద ఊగుతోంది! ఒక కాలు మిగతావాటికంటే పొడుగు. అది ఏ కాలు? ఆ గాటు ఉన్న కాలే! అంటే తప్పు చేశానని తెలుసు, గుర్తు కూడా పెట్టుకున్నాడు, సరిచెయ్యడానికి బద్ధకించి ఇచ్చేశాడు. నేను చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ.

"తాతా! ఇలా రా! మీ మంచివాడి పనితనం చూద్దువుగాని రా!"

పాలిష్ తాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను టక్ టక్ మనిపించాను. తాత కళ్ళజోడు పైకి తోసుకుని ఆ కాలి కేసి చూశాడు, గాటుని బొటనవేలితో తడిమాడు.

"ఆయన ఇలా వదిలే మనిషి కాదే బాబూ. ఒకమాట అడిగి చూడండి."

"అడగాలా? నేను? అతన్ని?"

"అడిగితే మీ సొమ్మేం పోతుంది?"

"రంపం ఇటియ్యి" అన్నాను.

సన్న పళ్ళ రంపంతో ఆ కాలి అడుగు కోసేశాను. బిస్కెట్ కంటే పల్చటి బిళ్ళ బండ మీద పడింది, గాటుతో సహా. అంచు గరుకు కాగితంతో రుద్దాను. మళ్ళీ బండ మీద పెట్టి నొక్కాను. చప్పుడు లేదు, కొండలా కూర్చుంది. "ఇదీ పని అంటే" అన్నాను. తాత ఆ బిళ్ళ ఏరి జేబులో వేసుకున్నాడు. మీకు ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది. నాకు కాలేదు. అసూయ కళ్ళకి అడ్డం పడితే అట్టముక్క కూడా కనిపించదు కాబోలు.

మరకకి తాతచేత మెరుగు పెట్టించి, సాయంత్రం ఈలపాట పాడుకుంటూ బల్ల ఇంటికి తెచ్చాను. టీచరమ్మ ఉంది, మంచిదే అనుకున్నాను. "ఒక కాలు పొడుగుంది టీచరుగారూ, నేనే సరిచేశాను, లేకపోతే ఎప్పటికైనా ప్రమాదం" అని అందరికీ వినిపించేలా చెప్పాను. మా ఆవిడ వంగి కాళ్ళు తడుముతూ ఏదో వెతికింది. తర్వాత అయోమయంగా దాని చోట దాన్ని పెట్టింది. అత్తగారు ఆత్రంగా కూర్చుని మోచేతులు ఆనించింది. టీ గ్లాసు ఎత్తింది.

టక్.

బల్ల ఆవిడ చేతికిందనుంచి ఒక పక్కకి ఒరిగింది. వేడి టీ ఒళ్ళో, చేతుల మీద, నేల మీద పడిపోయింది. గ్లాసు దొర్లుకుంటూ వెళ్ళి మూలనున్న నీళ్ళ తూము దగ్గర ఆగింది. అవును, తూము. బట్టలుతికే చోటు కదా, నీళ్ళు పోవడానికి ఆ మూల నేల పల్లంగా దిగుతుంది. గ్లాసు అటే దొర్లింది. దాని కేసి చూస్తూ నిలబడ్డాను.

మా ఆవిడ తల్లి చేతుల మీద చన్నీళ్ళు పోస్తూ నా వైపు తిరిగింది. "కాలికి గాటు ఉండేది, ఏమైంది?"

"నీకు తెలుసా ఆ గాటు సంగతి?"

"తెలియకపోవడమేంటి? గాటున్న కాలు తూము వైపుకి రావాలి వదినా అని మరిదిగారు చెప్పారు. రోజూ ఊడ్చాక అలాగే పెడుతున్నాను. అమ్మ కూడా కూర్చునేముందు వంగి వేలితో తడిమి చూసుకుంటుంది. ఏం చేశారు మీరు?"

టీచరమ్మ లేచి, "నేను మళ్ళీ వస్తాను" అంటూ నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి కదా, "నేల వంకరైతే నేల బాగుచేసుకోవాలి గానీ..." అని మొదలుపెట్టాను. అత్తగారు చెయ్యెత్తి ఆపింది. తడిసిన బట్టల్లోనే కూర్చుని నిదానంగా అంది.

"పోనీలెండి అల్లుడుగారూ. మీ దానికి పెట్టినట్టే దీనికీ ఒక అట్టముక్క పెట్టండి."

వెటకారంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆవిడ నిజంగానే అంది. నా దగ్గర అంతకంటే మంచి పని ఉండదని ఏనాడో సర్దుకుపోయిన మనిషిలా అంది.

అట్టముక్క పెట్టాను. అంత సన్నటి కాలి కింద అది ఎందుకు నిలుస్తుంది? రెండోసారి టీ తెచ్చేసరికే జారింది. మూడోసారి ఆవిడ టీ వద్దంది. మర్నాడు మా ఆవిడ చెంచా తెచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అత్తగారు ఈసారి పెదాలు బిగించలేదు. మొహం గోడవైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచింది. మా ఆవిడ చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను అక్కడ ఉండలేక పెరట్లోకి వెళ్ళాను.

మునిగారి దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. వెళ్ళాను కూడా. షెడ్డు తలుపు తీసే ఉంది. అతను చిత్రిక పడుతున్నాడు, పొట్టు సన్నగా సాగుతూ మెలికలు తిరిగి కింద పడుతోంది. ఎక్కడా తెగడం లేదు. ఆ పొట్టు చూసేసరికి మళ్ళీ కుళ్ళు పుట్టుకొచ్చింది. ఇతని ముందా నేను తల వంచేది? వెనక్కి తిరిగి వచ్చేశాను. నా చేతులు పడిపోయాయా? నేనే బాగుచేస్తాను.

కానీ దేంతో? కోసిన బిళ్ళ తాత జేబులో ఉంది. దాన్ని జిగురుతో అంటిస్తే వారం కూడా ఉండదు, చారకి అడ్డంగా కోసిన చోట జిగురు పట్టదు. కాలిని ఏటవాలుగా పైదాకా కోసి, అదే వాలుకి కోసిన కొత్త ముక్క దానికి తొడగాలి. ఆ కొత్త ముక్క రంగు, చార అతని చెక్కతో కలిసిపోవాలి. బజారులో అలాంటి టేకు ఎక్కడుంది? ఆ దూలం రెండో సగం ఒక్కచోటే ఉంది. కిటికీ పక్కన, సింహం కాళ్ళ మీద.

ఆదివారం మా ఆవిడ తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే. గదిలో బోర్లా పడుకుని చెంప గచ్చుకి ఆనించాను. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి ఆ నేలని ఒక్కసారీ అలా చూడలేదు. కిటికీ దగ్గర కొంచెం గూను, మధ్యలో చదును, తూము దగ్గర పల్లం. కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. ఇంత చిన్న సంగతి! అతనికి కనిపించింది, నాకు కనిపించలేదు. అక్కడే పడుకుని అతన్ని బూతులు తిట్టాను.

లేచి రంపం తీసుకున్నాను. మొదటి పంజా మీద పళ్ళు ఆనించి చాలాసేపు కూర్చున్నాను. ఆ గోళ్ళు చెక్కినప్పుడు మావగారు ఉండుంటే ఏమనేవారో అనుకుంటూ చెక్కాను. ఒక్కొక్క వెంట్రుకా నా వేళ్ళకి గుర్తే. కోసేశాను. ఒకటి కోశాక మిగతావి ఉంచినా బల్ల నిలబడదు కదా, నాలుగూ కోశాను. ఒక్కో కాలిని నేలకి తగ్గట్టు కొలిచి, చెక్కి, కూర్చోబెట్టాను. అట్టముక్క తీసి అవతల పారేశాను. సింహం బల్ల పొట్టిదైపోయి, కాళ్ళు బోడిగా, నోరు మూసుకుని నిలబడింది. ఊగలేదు.

తర్వాత ఒక పంజాని చీల్చాను. నగిషీ అంతా పైపైనే, లోపల గట్టి చెక్క నిలువు చారతో శుభ్రంగా ఉంది. దానితో ముక్క చేసి మునిగారి కాలికి తొడిగాను. చార చారతో కలిసింది. గోరు పెట్టి గీకినా అతుకు తగల్లేదు. నా జీవితంలో అంత మంచి అతుకు వెయ్యలేదు, వేసింది ఎవరి బల్లకి? చివర్న గాటు పెట్టాలి. గోటి నొక్కులా ఒక్క పోటు, అంతే కదా? ఉలి పెట్టాను. నా చెయ్యి ఊరుకోలేదు. ఒక పక్క కొంచెం తిరిగింది, చిన్న పూరేకులా వచ్చింది. ఇక దాన్ని చెరపడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం అత్తగారు బల్ల దగ్గర కూర్చుని అలవాటుగా వంగి, వేలు కిందికి పోనిచ్చి గాటు తడిమింది. కాస్త ఆగి, మళ్ళీ తడిమింది. మోచేతులు ఆనించి గ్లాసెత్తింది. తాగింది. చివరి చుక్క దాకా తాగి, గ్లాసు కింద పెట్టి, "హమ్మయ్య" అంది.

తర్వాతి వారం మునిగారు, మరదలు వచ్చారు. టీచరమ్మా వచ్చింది. అత్తగారు అందరి మధ్యా దర్జాగా టీ తాగుతోంది. మునిగారు అలవాటు ప్రకారం వెళ్ళి బల్ల కాలి దగ్గర కూర్చున్నాడు. అతని బొటనవేలు కాలి వెంట కిందికి జారడం చూశాను. గాటు దగ్గర ఆగింది. అతను వంగాడు. పూరేకుని చూశాడు. అతుకు ఉన్న చోట గోరుతో గీకాడు. అక్కడి నుంచే కళ్ళెత్తి నా బల్ల బోడి కాళ్ళని చూశాడు.

"ఏంటండీ అంతగా చూస్తున్నారు? మీ పని మీకే ముచ్చటగా ఉందా?" అంది టీచరమ్మ.

"కాలు బాగా కుదిరింది" అన్నాడు.

"కుదరదూ మరి! మీ చేతి మహిమ!" 

ఆ కాలు నాదండీ! ఆ కింది ముక్క నాది, ఆ అతుకు నాది! అరవాలనిపించింది. అరిస్తే కోసింది కూడా నేనేనని చెప్పాలి. మా ఆవిడ నన్నే చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. అత్తగారు ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసి, పక్కకి వంగి, నా పొట్టి బల్ల మీద పెట్టింది. ఇప్పుడది ఆవిడ చేతికి అందుతోంది. గ్లాసు కదలకుండా నిలబడింది. ఎవరూ గమనించలేదు.

వెళ్ళేటప్పుడు గేటు దాకా సాగనంపాను. మరదలు ముందు వెళ్ళిపోయింది. మునిగారు చెప్పుల్లో కాళ్ళు దూర్చి ఆగాడు.

"అన్నయ్యా, ఆ పంజాలెందుకు కోసేశారు?"

"అడ్డొచ్చాయి."

"నేనైతే కొయ్యలేకపోయేవాణ్ణి" అన్నాడు. గేటు గొళ్ళెం తిప్పుతూ, తన జన్మలో మొత్తం మాట్లాడినంత ఒక్కసారే మాట్లాడాడు. "నా సగం ఇన్నాళ్ళు ఎందుకు ముట్టుకోలేదనుకున్నారు? మీ బల్ల చూశాక ముట్టుకోబుద్ధి కాలేదు. వేరే చెక్కల మీద అలాంటి పంజా ఒక్కటైనా చెక్కాలని చూశాను. పిల్లి కాలు కూడా రాలేదు. అన్నీ పొయ్యిలో పెట్టాను. చేతకాకే కదా నున్నగా వదిలెయ్యడం మొదలుపెట్టాను."

ముందు ఒళ్ళంతా చల్లబడింది. ఇన్నేళ్ళ మంట మీద ఎవరో బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టు. మరుక్షణం గుర్తొచ్చింది, ఆ పంజాలు ఇప్పుడు షాపులో గోనెసంచిలో ఉన్నాయని. "ఈ ముక్క ముందే ఏడవొచ్చు కదయ్యా!" అని అరిచాను. అతను తల ఊపాడు.

"మిగిలినవి ఉంటే ఒకటి ఇస్తారా? నా పనిబల్ల మీద పెట్టుకుంటాను."

అతను నిజమే చెప్పాడా, లేక చిన్నబోయిన నా మొహం చూసి ఓదార్చాలని కల్పించాడా? ఇదొక్కటే నన్ను తొలిచేసింది. కల్పించి ఉంటే, మంచితనంలో కూడా నన్ను ఓడించినట్టే కదా. మర్నాడు ఒక పంజా కాగితంలో చుట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. అతను కాగితం విప్పాడు. నోటితో మెచ్చుకోలేదు. కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, గోళ్ళ సందుల్లోకి తొంగిచూశాడు. తర్వాత తిరగేశాడు. అడుగు చూశాడు, పక్కలు చూశాడు, వేళ్ళ మధ్య మడతల్లో, ఎవరూ చూడని చోట, గోరు దూర్చి తడిమాడు. ఎక్కడైనా గరుకు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. దొరకలేదు. దొరకనప్పుడు అతని మొహం మాడిపోవడం నా కళ్ళతో నేను చూశాను. ఆ మొహం నాకు కొత్త కాదు.

ఆ సాయంత్రం అత్తగారికి టీ నేనే పట్టుకెళ్ళాను. ఆవిడ వంగి ఆ పూరేకు గాటుని ఒకసారి తడిమి, మోచేతులు ఆనించి తాగింది.

"మా చిన్నల్లుడు మంచివాడు" అంది, ఎప్పట్లాగే.

"మరీ అంత మంచివాడేం కాదులెండి అత్తయ్యా" అని, ఖాళీ గ్లాసు తీసుకుని, ఈలపాట పాడుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను.